విమానం పోయేదాకా ఆగిన నీళ్లు

శంషాబాద్‌లో మా పక్క ఫ్లాటులో ఈమధ్య ఒక పాప పుట్టింది. ఉదయం తొమ్మిది కాగానే ఆ పాపకు స్నానం చేయించడానికి రజియాబీ అనే పెద్దావిడ వస్తుంది. కాసేపటికి మా వంటింటి కిటికీలోకి వేడినీళ్ల ఆవిరి, దానితోపాటు శనగపిండి వాసన, చివర్లో కొంచెం ఊదు పొగ వస్తాయి. నేను టీ గ్లాసు పట్టుకుని ఆ కిటికీ దగ్గరే నిలబడతాను. చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. అంతలో మేడ మీదుగా విమానం వెళుతుంది, కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి, పాప గుక్కపట్టి ఏడుస్తుంది. నీళ్లు మాత్రం పడుతూనే ఉంటాయి. మా చంద్రత్త అయితే ఆపేది.

చంద్రమ్మ మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మామిడిపల్లిలో మా ఇంటి వెనక గదిలో ఉండేది. ఆమె పోయి ఆరేళ్లయింది. మా వంశంలో ఎవరు కన్నా, పుట్టిన బిడ్డకు మొదటి మూడు నెలలూ నీళ్లు పోసింది ఆమే. నాకు, నా తమ్ముడికి, చిన్నాన్న పిల్లలకు, తర్వాత వాళ్ల పిల్లలకు, చివరికి మైలార్‌దేవ్‌పల్లిలో ఉన్న దూరపు చుట్టాల మనవలకు కూడా పోసింది. ఎక్కడికి వెళ్లినా తన పీట తానే పాత చీరలో చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కేది. ఇంకొకరి పీట మీద కూర్చుంటే కాళ్లు సరిగ్గా చాపడం కుదరదనేది. చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి, నీళ్లలో మోచేయి ముంచి చూసి, ఒక చేత్తో నుదురు కాస్తూ ఇంకో చేత్తో పోసేది. మా ఊరి పక్కన విమానాశ్రయం వచ్చాక దీనికి ఇంకొక అలవాటు చేరింది. దూరాన మోత వినపడగానే చెంబు కింద పెట్టి, బిడ్డను రొమ్ముకు ఆనించుకుని, విమానం దాటేదాకా ఏదో మాట్లాడుతూ కూర్చునేది. ఎందుకని ఒకసారి అడిగాను.

“నీళ్ల సప్పుడు, ఇమానం సప్పుడు ఒక్కసారే అయితే పిల్లకు నా మాట ఇనవడది. మాట ఇనవడకుంటే జడుసుకుంటది,” అంది.

“ఎవరు చెప్పిండ్రు నీకు?”

“పిల్లలే చెప్పిండ్రు,” అని నవ్వింది.

నేను జీవితంలో ఎక్కువ భాగం మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తూ, సభల్లో వాదిస్తూ గడిపాను. నీకు గురువు ఎవరని అడిగితే చాలాకాలం నేను చదివిన పుస్తకాల పేర్లు చెప్పేవాణ్ని. అసలు జవాబు వేరే ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఎదురింటి పోచమ్మ మనవడు రెండు నెలల పసివాడు మధ్యాహ్నం నుంచి ఆపకుండా ఏడుస్తున్నాడు. వాకిట్లో ఆడవాళ్లు చేరారు. దిష్టి అని తేల్చారు. పోచమ్మ గుప్పెట్లో ఎండు మిరపకాయలు, ఉప్పు పట్టుకుని తిప్పడానికి సిద్ధమైంది. అప్పుడే చంద్రత్త చేను నుంచి మెంతికూర మూటతో వస్తూ ఆగింది.

“మధ్యాన్నం సంది గిట్లనే ఏడుస్తున్నడు చంద్రమ్మా. గట్టి దిష్టి తాకింది,” అంది పోచమ్మ.

“ఎవరు చూసిండ్రు?”

“దిష్టి కండ్లకు కనవడ్తదా ఏంది?”

“పిల్లగాడు కనవడ్తడు గద. బట్టలిప్పు.”

మూట దించి, చేతులు కడుక్కుని, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. చెవుల వెనక, చంకల్లో, తొడల ముడతల్లో, ఒక్కొక్క వేలూ విడదీసి చూస్తూ కిందికి వచ్చింది. ఎడమ కాలి రెండో వేలు రేగుపండులా ఎర్రగా ఉబ్బి ఉంది. దాని మొదట్లో ఒక పొడుగాటి వెంట్రుక నాలుగు చుట్లు బిగుసుకుని ఉంది. బాలింతరాలి జుట్టు ఊడి, పొత్తిగుడ్డలో చిక్కి, వాడు కాళ్లు ఆడించినకొద్దీ బిగుసుకుపోయింది. అత్త చిన్న కత్తెర మొనతో దాన్ని తెంపింది. బిడ్డ కాసేపు వెక్కి, నిద్రపోయాడు. పోచమ్మ గుప్పెటలో మిరపకాయలు అలాగే ఉన్నాయి.

“మరి ఇవి ఏం జెయ్యాలె?” అంది.

“దంచుకో. కారం అయితది.”

మర్నాడు బడిలో నేను ఎంత రెచ్చిపోయానో చెప్పలేను. దిష్టి అన్నది పచ్చి అబద్ధమనీ, మా అత్తే తేల్చేసిందనీ అందరికీ చెప్పాను. ఒకడితో కలబడి చొక్కా చింపుకుని కూడా వచ్చాను. అత్త ఆ చొక్కా కుడుతూ అంతా విన్నది.

“దిష్టి లేదని నేనెప్పుడన్న?”

“నువ్వే గదత్తా, నిన్న...”

“ఎంటిక ఉందన్న. ఉన్నది చూసిన, చెప్పిన. లేనిదాని సంగతి నాకేం ఎరుక? పెద్ద వకీల్‌సాబ్ వచ్చిండు!”

అప్పటినుంచి ఆమెకు నేను వకీల్‌సాబ్‌నే. తర్వాత పట్నంలో చదువుకునేటప్పుడు వాదనలు నేర్పే మిత్రులు దొరికారు. ఎదుటివాణ్ని మూడు వాక్యాల్లో ఎలా పడగొట్టాలో నేర్చుకున్నాను. ఎన్నో సభల్లో ఆ వెంట్రుక కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. చొక్కా కుడుతూ ఆమె అన్న మాట మాత్రం ఒక్క సభలోనూ చెప్పలేదు. అది చెబితే నా వాదం కాస్త మెత్తబడుతుందని భయం. ఆమెకు ఆ భయం లేదు. ఒక ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వచ్చి, పసిపిల్లలకు ఊదు పొగ పెట్టడం ఊపిరితిత్తులకు చెడ్డదని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. “జర ఊపిరి తీస్కో, నీకే దగ్గొస్తది,” అని ఆమె లేచి వెళ్లిపోయింది. నా మాట కొట్టేసిందనుకున్నాను. ఆ ఏడు మా చుట్టాల్లో ఒకరికి, చిన్నాన్న ఇంట్లో ఒకరికి కొంచెం తేడాతో బిడ్డలు పుట్టారు. ఆమె ఒకరికి పొగ పెట్టి, ఇంకొకరికి పెట్టకుండా తువ్వాలుతో తుడిచి ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చుంది. మూడు నెలల తర్వాత నేను వచ్చేసరికి ధూపం పాత్రను అటక మీద పడేసింది. “పొగ పెట్టనోనికే మంచిగుంది. ఇద్దరే గద, గట్టిగ చెప్పలేను. అయినా పొగ లేకుంటే నష్టం కనవడలే,” అంది. ఆ వయసులో నేను ఒక్క అభిప్రాయమైనా అలా మార్చుకున్న గుర్తు లేదు.

ఆమె ఎందుకు పెళ్లి చేసుకోలేదన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, కాకపోతే ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా తెలుసు. తల్లి పోయాక చిన్న తమ్ముళ్లిద్దరినీ సాకడానికి ఆగిపోయిందని నాన్న అనేవాడు. జాతకం కుదరలేదని అమ్మ అనేది. ఎవరి మీదో మనసు పడిందేమోనని చిన్నమ్మ, అంటే మా చిన్నాన్న భార్య, గుసగుసగా అనేది. నాకు ఈ ప్రశ్న చిన్నప్పటినుంచీ ఉంది. ఆమె చేతులు చూస్తూ, ఈ చేతుల్లోకి తన బిడ్డ ఎందుకు రాలేదా అని ఆలోచించేవాణ్ని. ప్రపంచంలో దేన్నయినా ఎందుకని నిలదీసే నేను ఆ మాట ఆమెను మాత్రం అడగలేదు. పైగా అడగకుండానే ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను.

ఆ సిద్ధాంతానికి పునాది మా ఇంటి తొట్టెల వేడుక. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసి, మేనత్త చెవిలో పేరు పిలవాలి. నా తొట్టెల నాడు ఆ హక్కు చంద్రత్తది. కానీ పెళ్లి కాలేదు కాబట్టి ఆమె ముత్తైదువ కాదన్నారు, వరసకు మేనత్త అయ్యే ఇంకెవరినో పిలిపించారు. ఇరవై రోజులూ ఒళ్లో వేసుకుని నీళ్లు పోసిన మనిషిని ఆ రోజు గుమ్మం దగ్గర నిలబెట్టారు. ఆ తర్వాత పుట్టిన ప్రతి బిడ్డకూ ఇదే తంతు. మెడలో తాళి ఉంటే మంగళకరం, లేకపోతే గుమ్మం దగ్గరే అనే ఈ లెక్క మీద నా కోపం ఈనాటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఆ కోపానికి అవకాశం దొరికింది. నా భార్య సునీతకు తల్లి లేదు, అందుకని దవాఖాన నుంచి మామిడిపల్లికే తీసుకొచ్చాం. నాకు అక్కచెల్లెళ్లు లేరు, కాబట్టి పాపకు మేనత్త లేదు. చిన్నమ్మ చేత పేరు పిలిపిద్దామని అమ్మ అంది. నేను చంద్రత్తే పిలవాలన్నాను. అంతటితో ఊరుకోలేదు. ఒక చిన్న మాసపత్రికకు వ్యాసం రాశాను. పేరు పెట్టలేదు కానీ, మమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరైనా పోల్చుకుంటారు. తమ్ముళ్ల కోసం పెళ్లిని త్యాగం చేసి, బంధువుల పిల్లలకు ఊడిగం చేస్తూ, తనకంటూ ఏమీ లేకుండా మిగిలిన స్త్రీ అని రాశాను. రాస్తున్నప్పుడు నా కళ్లే చెమర్చాయి. ఆ చెమ్మను నేను నిజాయితీ అనుకున్నాను.

పాప పుట్టిన పదో రోజున పత్రిక వచ్చింది. పాపను చూడటానికి వచ్చిన చిన్నమ్మ దాన్ని వెనక గదిలో కూర్చుని అత్తకు చదివి వినిపించింది. పదకొండో రోజు ఉదయం కాగులో నీళ్లు మసులుతున్నాయి, సునీత పాపను ఎత్తుకుని ఎదురుచూస్తోంది. పీట లేదు.

“అక్క చిన్నోని ఇంటికి మంఖాల్ పోయింది,” అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు.

అమ్మకు మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేదు. సునీత ఇంకా కోలుకోలేదు. నేను కూర్చున్నాను. నీళ్ల వేడి ఎంత ఉండాలో తెలియదు. మెడ పట్టుకుంటే నడుం జారుతోంది, నడుం పట్టుకుంటే మెడ వాలుతోంది. సగం స్నానంలో విమానం వచ్చింది, పాప నీలబడేలా ఏడ్చింది, నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. వేలమంది ముందు మాట్లాడినవాణ్ని, పది రోజుల మనిషికి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా పుట్టిన ప్రతి బిడ్డ దగ్గరా ఉన్న మనిషి ఆ ఉదయం నా బిడ్డ దగ్గర లేదు, దానికి కారణం నేనే. ఆమె ఇక రాకపోతే మా ఇంట్లో ఏం తెగిపోతుందో ఆ తడి గుడ్డలతో కూర్చున్నప్పుడు తెలిసింది.

స్కూటరు తీసి శ్రీశైలం రోడ్డు మీదుగా మంఖాల్ వెళ్లాను. అత్త చిన్నాన్న ఇంటి వరండాలో కూర్చుని, మెత్తబడిన పాత చీరను చదరాలుగా చింపుతోంది. మా ఇంటి ఆడవాళ్లందరి పాత చీరలూ చివరికి ఆమె చేతిలో పొత్తిగుడ్డలవుతాయి.

“ఏం వకీల్‌సాబ్, సాక్షిని తీస్కపోనీకి వచ్చినవా?”

“తప్పయిందత్తా.”

“ఏది తప్పు? ఊకె తప్పయిందంటే ఎట్ల, ఏదో చెప్పు.”

“ముత్తైదువల గురించి రాసింది...”

“గది నిజమే. గా ముక్క చిన్నమ్మతోని రెండుసార్లు చదివిపిచ్చుకున్న. దర్వాజ కాడ నిలవడ్తుంటే నాకు మంటెత్తదా? ఎత్తుతది. మంచిగ రాసినవ్.” గుడ్డ పర్రున చింపింది. “తనకంటూ ఏం లేని మనిషి అన్నవ్. గది ఎవరు చూసిండ్రు?”

చింపిన గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

“త్యాగం జేసిందన్నవ్. నన్ను అడిగినవా? ఇంత పెద్దగైనవ్, ఒక్కనాడన్న అడిగినవా? ఊడిగం అన్నవ్. నువ్వు నా కాళ్ల మీద పండుకుని నవ్వుతుంటే గది ఊడిగమా?”

“ఇప్పుడు అడుగుతున్న,” అన్నాను. “పెళ్లెందుకు చేసుకోలే అత్తా?”

“మనసు కాలే.”

“గంతేనా?”

“గంతే అంటే నీకు సాలదు. నీకు పెద్ద కారణం కావాలె.” ఆ రోజు ఆమె నవ్వు అప్పుడు మొదటిసారి కనిపించింది. “ఇద్దరు వచ్చిండ్రు నన్ను చూడనీకి. ఒకాయన మంచోడే. తమ్ముండ్ల కోసం ఆగిన్నని మీ నాయిన అనుకుంటడు. అనుకోనియ్యి, ఆయనకు గట్ల ఇష్టం. నాకు ఇంకో ఇంట్ల పోయి ఉండబుద్ధి కాలే. నాకు పసిపిల్లల మీద మనసుండె. ఒక్కో పిల్ల ఒక్కో తీరు వస్తది. నిన్న గుప్పెట ఇప్పనిది ఇయ్యాల ఏలు పట్టుకుంటది. రేపు ఏం జేస్తదో సూద్దామని తెల్లారంగనే లేవబుద్ధి అయితది. నీకు పుస్తకం లెక్క అనుకో.”

నేను అంతకాలం సేవ అనుకున్నది, నిజానికి తెలుసుకోవాలన్న ఆరాటం అని అప్పుడు అర్థమైంది. అందులో ప్రేమ లేదని కాదు. ఆమె ప్రేమించే పద్ధతే అది, దగ్గరగా, ఓపికగా, రోజూ చూడటం. ఆమె చెప్పింది పూర్తి నిజమేనా? ఆ మంచివాడి గురించి చెప్పేటప్పుడు చేతులు ఒక్క క్షణం ఆగినట్టు నాకు అనిపించింది. అనిపించింది అని మాత్రమే రాయగలను.

“తొట్టెల నాడు నువ్వే పేరు పిలవాలె,” అన్నాను.

“నన్ను జెండ లెక్క ఎత్తకు బిడ్డా. పిల్లకు నీళ్లు పోయనీకి వస్త, దాని మీద నాకు కోపం లేదు. తొట్టెల సంగతి మీ అమ్మ ఇష్టం.” పీటను చీరలో చుట్టడం మొదలుపెట్టింది. “అయినా పేరు నేనెప్పుడో పిలిచిన. మొదటినాడు నీళ్లు పోసేటప్పుడే పిలుస్త, అందరినీ. నీ తొట్టెల నాడు గా పిలిపిచ్చినామె చెవిల పిలిస్తే ఏడ్చినవ్. నేను దర్వాజ కాడికెళ్లి పిలిస్తే నా దిక్కు తిరిగినవ్.”

“ఎవరు చూసిండ్రు?” అన్నాను.

అత్త వరండా దద్దరిల్లేలా నవ్వింది. “గిప్పుడు అడిగినవ్! పోయి మీ అమ్మను అడుగు.”

ఇంటికొచ్చి అడిగాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది, తల ఎత్తలేదు. “తిరిగినవ్. నేనే చూసిన. వదినెను లోపలి అర్రల కూసోమని పెద్దోళ్లు అన్నరు. పిల్లగానికి ఆమె గొంతు ఇనవడాలె, దర్వాజ కాడన్న ఉండనియ్యుండ్రి అని నేనే కొట్లాడిన. నువ్వు రాసినవ్ గద, దర్వాజ కాడ నిలవెట్టిండ్రని. నిలవెట్టింది నేనే.” కొత్తగా అత్తవారింటికి వచ్చిన పచ్చి బాలింత, పెద్దవాళ్ల మీద గెలిచి తెచ్చుకున్న ఆ నాలుగడుగుల చోటును నేను అవమానం అని ఒక్క ముక్కలో రాసేశాను. అది అవమానమే. అదొక్కటే కాదు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. జేబులో నేను రాసుకున్న ప్రసంగం మడత ఉంది, తీయలేదు. చిన్నమ్మ పాపను తొట్టెలలో వేసి వంగింది. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం వెళ్లింది. చిన్నమ్మ పెదవులు కదలడం కనిపించింది, పేరు ఎవరికీ వినపడలేదు. పాప ఏడుపు అందుకుంది. అందరూ మొహాలు చూసుకున్నారు.

“వదినే, జర ఇటు రా,” అంది అమ్మ గుమ్మం వైపు తిరిగి. “ఇమానం పేరు మింగింది. మల్ల పిలువు.”

“ముత్తైదువ పిలిచింది గద, సాలదా?” అంది ఒక ముసలావిడ.

“పిలిచింది నిజమే పెద్దమ్మా. ఇన్నదెవరు?” అంది అమ్మ.

చంద్రత్త లోపలికి రాబోయే ముందు వాకిట్లోకి తొంగి ఆకాశం వైపు ఒకసారి చూసింది, ఇంకో విమానం వస్తోందేమోనని. తర్వాత తొట్టెల మీదికి వంగి, “స్వేచ్ఛా,” అంది. నేను పెట్టిన ఆ పేరు పలకడానికి నాలుక ఎన్ని వంకర్లు తిరగాలో అని ఇరవై రోజులుగా నన్ను తిడుతూనే ఉంది. ఆ రోజు శుభ్రంగా పలికింది. పాప ఏడుపు ఆగింది. ఆమె వైపు తిరిగిందా అంటే, సునీత తిరిగిందంటుంది. నాకు అత్త వీపు అడ్డమొచ్చింది. నేను చూడలేదు.

ఆ తర్వాత మా ఇళ్లలో పుట్టిన బిడ్డలందరికీ, ఆమె ఉన్నన్నాళ్లూ, ఆమే పేరు పిలిచింది. ఎవరూ తీర్మానం చేయలేదు. నేను ఇప్పటికీ వాడిగానే రాస్తాను, ఆచారాల మీద దయ చూపను. కానీ బతికున్న మనిషి గురించి రాస్తే, అచ్చుకు పంపే ముందు వెళ్లి వాళ్లకు చదివి వినిపిస్తాను. చాలాసార్లు సగం కొట్టేయాల్సి వస్తుంది. చంద్రత్తకు ఇది చదివి వినిపించలేను, అందుకే ఎక్కడ అనుకున్నానో, ఎక్కడ చూశానో విడివిడిగా రాయడానికి ప్రయత్నించాను. ఆమె పీట నా రాత బల్ల కింద ఉంది. కాళ్లు దాని మీదే పెట్టుకుంటాను.

మొన్న రజియాబీ మెట్ల దగ్గర ఎదురైతే, విమానం వచ్చినప్పుడు నీళ్లు ఆపి చూడమని చెప్పాను.

“ఎందుకు సాబ్? ఎవరు చెప్పిండ్రు?”

“మా మేనత్త చేస్తుండె. నేను చూసిన.”

“ఆపితే పిల్లలు ఏడ్వకపోతుండెనా?”

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. “కొందరు ఊకుంటుండె,” అన్నాను. “కొందరు ఊకోకపోతుండె.”

“అయితే సూద్దాం,” అంది ఆమె.

ఈ ఉదయం టీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడ్డాను. మోత మొదలైంది, అద్దాలు అదిరాయి. నీళ్ల చప్పుడు ఆగింది. పాప ఏడ్చింది, ఏడుస్తూనే ఉంది. విమానం దూరమవుతుంటే ఆ ఏడుపు మధ్యలోంచి రజియాబీ గొంతు మెల్లగా పైకి తేలింది, పాపను పేరు పెట్టి పిలుస్తూ. పక్కింట్లో నెల రోజులుగా ఉన్న ఆ చిన్ని మనిషి పేరు నాకు అప్పుడే తెలిసింది.